బరంపురంలో ఖాళీ ఇంటికి సామాను: షాపులకన్నా క్వార్టర్సే నయం

ఒడిశాలోని బరంపురం పోస్టింగ్ అనగానే అందరూ ముందు భాష గురించే భయపెట్టారు, నిజానికి దాంతో ఏ ఇబ్బందీ లేదు, బజార్లో ఎటు తిరిగినా తెలుగు వినపడుద్ది, 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, వి.వి.గిరి గారు పుట్టింది కూడా ఇక్కడే. తిప్పలన్నీ సామాను దగ్గరే. అంబపువా వైపు మేం తీసుకున్న ఇంట్లో ఫ్యాన్లూ ట్యూబ్‌లైట్లూ తప్ప ఇంకేం లేవు, విజయవాడ నుంచి లారీలో తెప్పిద్దామంటే ప్యాకర్స్ వాళ్లు చెప్పిన రేటుకి ఇక్కడ సగం ఇల్లు నిండిపోద్ది, ఉండేదేమో రెండు మూడేళ్లు. అందుకే సెకండ్ హ్యాండ్ మీద పడ్డాం.

అప్పటిదాకా స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. తొమ్మిది వందలకి గది పర్లేదు గానీ వేడి నీళ్లు పొద్దున కాసేపే, రాత్రంతా రైళ్ల అనౌన్స్‌మెంట్లు. పిల్లలుంటే గోపాల్‌పూర్‌లో దిగడం మేలు, బరంపురానికి పదహారు కిలోమీటర్లే, సీజన్ కాకపోతే బేరం ఆడొచ్చు, డిసెంబర్‌లో మాత్రం ఆ ఆశ పెట్టుకోవద్దు.

ముందు ఊళ్లో పాత సామాను షాపులు తిరిగాం. బయటినుంచి చూస్తే అన్నీ తళతళలాడుతుంటాయి, వార్నిష్ వాసన ముక్కు బద్దలయ్యేలా ఉంటది, అదే అసలు ప్రమాదం. ఒక షాపాయన డబుల్ కాట్ చూపించి "ఇది సాల కర్ర బాబూ, మీ మనవలు కూడా పడుకుంటారు, ఏటి అంత చూస్తావు" అన్నాడు. మా ఆవిడ కిందకి వంగి ఫోన్ టార్చ్ వేస్తే పక్క బద్దీ కింద నేల మీద గోధుమ పిండిలా సన్నటి పొడి, పైన సూదిమొన సైజు బొక్కలు. పుచ్చు. వార్నిష్ పైన కొట్టారంతే, లోపల పురుగు పని దానిది అది చేసుకుంటానే ఉంది. అలాంటి మంచం ఒక్కటి ఇంట్లోకి వస్తే పక్కనున్న చెక్కకి కూడా ఎక్కుద్ది. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు బీరువాలైతే అడుగు అంచు చేత్తో తడిమి చూడండి, ఉబ్బి ఉంటే నీళ్లలో నానిన సరుకన్నమాట, ఇది తుఫాన్లకి అలవాటు పడ్డ తీరం, 2013లో ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. సముద్రం పక్క ఇళ్ల నుంచి వచ్చిన ఇనప బీరువాలకి తుప్పు వెనక వైపు ఉంటది, గోడకి ఆనించి పెట్టి అమ్ముతారు, జరిపించి చూడాల్సిందే. నల్లులు కుర్చీ నవారు మడతల్లోనూ మంచం కీళ్లలోనూ ఉంటాయి, నల్లటి చుక్కలు కనపడితే ఫ్రీగా ఇచ్చినా వద్దు.

ఆంధ్రా వైపు ఇచ్ఛాపురం కూడా వెళ్లాం, హైవే మీద పాతిక కిలోమీటర్లు. అక్కడ పాత సామాను పెద్దగా దొరకలేదు గానీ ఒక వడ్రంగి దగ్గర పిల్లల చదువు బల్ల కొత్తదే చేయించుకున్నాం, చవగ్గా వచ్చింది. బోర్డర్ దాటించేటప్పుడు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి తీసుకునే జీఎస్టీ పత్రం) అంటారేమోనని భయపడేవాళ్లకి చెప్తున్నా, వాడిన ఇంటి సామానుకి అది అక్కర్లేదు, కొత్తవాటికైతే బిల్లు దగ్గరుంచుకోండి.

ఆన్‌లైన్‌లో వెతికితే మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. గోపాల్‌పూర్‌లో నిజంగానే ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది కాబట్టి "నేను ఆర్మీ, ట్రాన్స్‌ఫర్, ఫ్రిజ్ ఎనిమిది వేలకే" అంటే ఎవరైనా నమ్మేస్తారు. సామాను చూపించకుండా గేట్ పాస్‌కి అడ్వాన్స్ అన్నాడంటే అది మోసమే, ఫోన్ పెట్టేయండి. అడ్వాన్స్ ఇచ్చేశామా, రీఫండ్ వేస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి అంటాడు. డబ్బు రావడానికి పిన్ కొట్టే పనే లేదు, పిన్ కొట్టామంటే మన డబ్బులు పోయినట్టే.

మాకు పని జరిగింది ఛత్రపురంలో. జిల్లా హెడ్‌క్వార్టర్స్ కాబట్టి గవర్నమెంట్ స్టాఫ్, పక్కనే ఐఆర్‌ఈఎల్ ఇసుక ఖనిజాల ప్లాంటు వాళ్లు, అందరివీ బదిలీ ఉద్యోగాలే. పరీక్షలయ్యాక ఏప్రిల్ నుంచి ఖాళీ చేసేవాళ్లు దొరుకుతారు, క్వార్టర్స్ దగ్గర కిరాణా కొట్లో, ఇస్త్రీ బండి దగ్గర చెప్పి పెడితే చాలు. వెళ్లిపోయే తేదీ దగ్గరపడిన మనిషితో బేరం వేరుగా ఉంటది, ఆయనకి సామాను కదలాలి, మనకి కావాలి. ఒక ఒడియా సార్ ప్రతి మాటకీ "ఆగ్యా" (మన "అండీ" లాంటిది) అంటూ టీ ఇచ్చి, టేకు మంచం, ఇనప బీరువా, రెండు ప్లాస్టిక్ కుర్చీలు కలిపి పదకొండు వేలకి ఇచ్చేశారు, బీరువా తాళాలు రెండూ, మంచం బోల్టులు కవర్లో కట్టి మరీ. షాపులో ఒక్క మంచమే తొమ్మిది వేలు చెప్పారు. పరుపు మాత్రం కొత్తదే కొన్నాం, అందులో పొదుపు వద్దు.

ట్రాలీ ఆటోకి పద్నాలుగు వందలు అయింది, ఎత్తి దించే కూలీ అందులో రాదు, ముందే మాట్లాడుకోండి. జూన్ మధ్యలో ఒడియా వాళ్ల రజ పండగ మూడు రోజులు షిఫ్టింగ్ పెట్టుకోవద్దు, బండ్లు దొరకవు. మాకు డైనింగ్ టేబుల్ ఇంకా దొరకలేదు, అటు ఎవరైనా ఖాళీ చేస్తుంటే చెప్పండి, నాలుగు కుర్చీలది చాలు, గాజు టాప్ వద్దు.