సొంత డేటా టైపుల నిర్వచనం చూడటానికి పీఎస్‌క్యూఎల్ ఎంతవరకు పనికొస్తుంది?

వేరేవాళ్ళు కట్టిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చేతికొచ్చినప్పుడు ఎక్కువ విసిగించేవి టేబుల్స్ కాదు, వాటిలో వాడిన సొంత టైపులు. కాలమ్ పక్కన "ఆర్డర్_స్టేటస్" అని ఉంటుంది, అందులో ఏయే విలువలు పడతాయో అక్కడ ఉండదు. ఈ పనికి నేను ఎక్కువగా వాడేది పోస్ట్‌గ్రెస్‌తో పాటే వచ్చే కమాండ్‌లైన్ టూల్ పీఎస్‌క్యూఎల్, కాబట్టి ఈ రివ్యూ దాని గురించే, అదీ ఈ ఒక్క పని వరకే.

ఈనమ్, అంటే ముందే రాసిపెట్టిన కొన్ని విలువల్లో ఒకటే పట్టే టైపు, విషయంలో దీనికి తిరుగులేదు. బ్యాక్‌స్లాష్, చిన్న డీ, పెద్ద టీ, వెంటనే ప్లస్ గుర్తు, తర్వాత టైపు పేరు. ఇంత కొడితే విలువలన్నీ ఎలిమెంట్స్ అనే కాలమ్‌లో వచ్చేస్తాయి, అదీ అక్షరక్రమంలో కాదు, టైపులో వాటికున్న అసలు క్రమంలో. ఆర్డర్ బై పెట్టినా, పెద్దా చిన్నా అని పోల్చినా పోస్ట్‌గ్రెస్ చూసేది ఆ క్రమాన్నే కనుక ఇది చాలా ముఖ్యం. ప్లస్ పెట్టకపోతే మాత్రం స్కీమా (డేటాబేస్‌లో టేబుల్స్, టైపులు ఉండే విభాగం), పేరు, వివరణ తప్ప ఏమీ రావు.

డొమైన్‌కి, అంటే ఉన్న టైపుకే షరతులు తగిలించి చేసినదానికి, వచ్చేసరికి కమాండ్ మారిపోతుంది: బ్యాక్‌స్లాష్, చిన్న డీ, పెద్ద డీ. అసలు టైపు, నాట్ నల్, డీఫాల్ట్, చెక్ కండిషన్ అన్నీ ఒకే వరసలో చూపిస్తుంది, బాగుంటుంది. కొన్ని ఫీల్డులు కలిపి చేసిన కాంపోజిట్ టైపుకి ఈ రెండూ పనికిరావు, టేబుల్‌ని చూసినట్టే బ్యాక్‌స్లాష్, ఒట్టి చిన్న డీ కొట్టి పేరు ఇవ్వాలి, అప్పుడే లోపలి ఫీల్డులు కనిపిస్తాయి. నా పెద్ద ఫిర్యాదు ఇదే. ఆ టైపు ఏ రకమో తెలియకే కదా వెతుకుతున్నాం, మరి రకాన్ని బట్టి కమాండ్ ఎంచుకోమంటే కొత్తగా వచ్చినవాళ్ళు ఏం చేయాలి? పైగా స్కీమా పేరు ఇవ్వకపోతే సెర్చ్ పాత్‌లో, అంటే పోస్ట్‌గ్రెస్ తనంతట తాను వెతికే స్కీమాల్లో, ఉన్నవే చూపిస్తుంది, దాంతో ఉన్న టైపు కూడా లేదేమో అనిపిస్తుంది.

ఇంకో లోటు, టైపుని తయారుచేసిన క్రియేట్ టైప్ స్టేట్‌మెంట్‌ని తిరిగి ఇవ్వదు. ఫంక్షన్లకి, వ్యూలకి సోర్స్ చూపించే కమాండ్లు ఉన్నాయి, టైపులకి అలాంటిది లేదు. ఒరాకిల్‌లో అయితే డీబీఎంఎస్_మెటాడేటా ప్యాకేజీలోని గెట్_డీడీఎల్‌కి ఆబ్జెక్ట్ రకం, పేరు ఇస్తే నిర్వచనం మొత్తం ఇచ్చేస్తుంది. ఇక్కడ డేటాబేస్‌ని ఫైల్లోకి తీసే పీజీ_డంప్ టూల్‌తో, డేటా లేకుండా నిర్మాణం మాత్రమే తీసి ఆ ఫైల్లో వెతుక్కోవాలి. డంప్‌ని ఒక్క టేబుల్‌కే పరిమితం చేస్తే ఆ టేబుల్ ఆధారపడిన టైపులు అందులో రావు, ఇది గుర్తుంచుకోండి.

డేటాబేస్ నిర్మాణం వివరాలు చూపించే వ్యూలున్న ఇన్ఫర్మేషన్ స్కీమా ఉంది కదా అంటారు కొందరు. కాలమ్స్ వ్యూలో ఈనమ్ కాలమ్‌కి డేటా టైప్ దగ్గర "యూజర్-డిఫైన్డ్" అనే ఉంటుంది, అసలు పేరు యూడీటీ_నేమ్‌లో చూసుకోవాలి. యూజర్_డిఫైన్డ్_టైప్స్ అనే వ్యూలో అయితే కాంపోజిట్ టైపులే ఉంటాయి, ఈనమ్‌లు అసలు రావు! పేరు చూసి నమ్మి, ఈనమ్‌లు లేవనుకుని వెళ్ళిపోయే ప్రమాదం ఉంది.

ఇన్ని లోట్లున్నా నేను పీఎస్‌క్యూఎల్‌ని వదలకపోవడానికి కారణం అందులోని ఎకో_హిడెన్ అనే సెట్టింగ్. దాన్ని ఆన్ చేస్తే ప్రతి బ్యాక్‌స్లాష్ కమాండ్ వెనక నడిచే అసలు క్వెరీని చూపిస్తుంది, కేటలాగ్, అంటే పోస్ట్‌గ్రెస్ తన వివరాలు దాచుకునే సిస్టమ్ టేబుల్స్, నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. ఆ టేబుల్స్‌లో ఒకటైన పీజీ_టైప్‌లో టైప్‌టైప్ అనే కాలమ్ ఉంటుంది, అందులో ఈ అంటే ఈనమ్, డీ అంటే డొమైన్, సీ అంటే కాంపోజిట్. ఈనమ్ విలువలు పీజీ_ఈనమ్‌లో, కాంపోజిట్ ఫీల్డులు పీజీ_యాట్రిబ్యూట్‌లో ఉంటాయి. నేరుగా పీజీ_టైప్‌ని అడిగితే ప్రతి టేబుల్‌కీ ఒక వరస, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే అర్రే టైపులు కూడా వచ్చి పడతాయి, పీఎస్‌క్యూఎల్ వాటిని ఎలా వడగడుతుందో ఆ క్వెరీలోనే కనిపిస్తుంది. దాన్ని తీసుకుని, రకంతో సంబంధం లేకుండా పేరిస్తే నిర్వచనం ఇచ్చేలా మార్చి మీ దగ్గర ఉంచుకోండి, పైన చెప్పిన మూడు కమాండ్ల తిప్పలు చాలావరకు తప్పుతాయి.