ఇష్యూ కౌంటరులో ఏడాదంతా ఒకరేనా, వారానికొకరా: ఏది మేలు?

గ్రంథాలయంలో పుస్తకాల జారీ, వాపసు విభాగాన్ని నడిపేవారు ఏటా మొదట్లోనే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఇష్యూకు ఒకరిని, రిటర్నుకు ఒకరిని, బీరువాలు సర్దడానికి ఒకరిని ఏడాది పొడుగునా కేటాయించడం మేలా, లేక వారం వారం పని మార్చడం మేలా? నెల్లూరులో ఒక కళాశాల గ్రంథాలయంలో ఈ రెండు పద్ధతులనూ నేను నడిపి చూశాను.

ఒకే చోట ఒకే మనిషి ఉండటంలో మొదటి లాభం వేగం. సాయంత్రం చివరి గంట మోగగానే కోవూరు, బుచ్చి, పొదలకూరు బస్సులు అందుకోవలసిన పిల్లలు ఒక్కసారిగా కౌంటరు మీదకు వస్తారు. చేయి తిరిగిన మనిషి విలువ ఆ అరగంటలోనే తెలుస్తుంది. కార్డులతో నడిచే పాత బ్రౌన్ పద్ధతినే తీసుకుంటే, పుస్తకంలోని కార్డును తీసి పాఠకుని టికెట్టులో దోపి, గడువు తేదీ ముద్ర వేసి, ట్రేలో ఆ తేదీ వెనుక నంబరు వరుసలో నిలబెట్టాలి. పుస్తకం తిరిగి వచ్చినప్పుడు ఆ కార్డు అక్కడే దొరకాలి. ఏళ్ల తరబడి ఆ పని చేసినవారి వేలు తడుముకోకుండా ఆ చోటికే వెళ్తుంది. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో వెలువరించిన అయిదు సూత్రాలలో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయమంటుంది. దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అయితే ఆ వేగమంతా ఒక్క మనిషి అలవాట్లలో ఇమిడి ఉంటుంది. మా దగ్గర రిటర్ను చూసే పెద్దాయన కూతురి పెళ్లికి సెలవు పెట్టిన వారంలో ఒక అమ్మాయి వచ్చి, “సోమవారమే తెచ్చిచ్చినా గదా సార్, ఆయన చేతికే ఇచ్చినా” అని కళ్ల నీళ్లు పెట్టుకుంది. కంప్యూటరులో ఆ పుస్తకం ఇంకా ఆమె పేరుమీదే ఉంది, జరిమానా రోజురోజుకూ పెరుగుతోంది. వెతగ్గా వెతగ్గా బల్ల కింది అట్టపెట్టెలో ఆ పుస్తకంతో పాటు మరికొన్ని దొరికాయి. రద్దీలో పుస్తకాలను ముందు చేతికి తీసుకుని, జనం తగ్గాక తీరికగా ఎక్కించుకోవడం ఆయన పద్ధతి. ఆయన ఉన్నన్నాళ్లూ అది ఏ లోటూ లేకుండా జరిగిపోయింది కనుక ఆ పెట్టె సంగతి మాకెవరికీ తెలియలేదు. ఆయనను నేను తప్పుపట్టలేదు. ఒకరి పని మరొకరికి తెలియని ఏర్పాటు చేసినది నేనే.

వారం వారం పని మారే చోట ఇటువంటి పెట్టెలు ఉండవు. ఇష్యూలో కూర్చున్నవారు మరుసటి వారం బీరువాల దగ్గరకు వెళ్లి, కలగాపులగంగా నింపిన ట్రాలీని తామే సర్దవలసి వచ్చినప్పుడు, పుస్తకాలను కౌంటరు దగ్గరే, బీరువాలో వాటి చోటు చెప్పే కాల్ నంబర్ల ప్రకారం వేరుచేయడం ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటారు. సెలవులు ఇవ్వడమూ సులువవుతుంది. కానీ సోమవారం పొద్దున కొత్తగా కూర్చున్నవారు ముద్రలో తేదీ జరపడం మరచిపోతే, కంప్యూటరులో ఒక గడువు, పుస్తకంలో అంటించిన చీటీ మీద మరొక గడువు పడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం బీరువాలది. పుస్తకాలను విషయాన్నిబట్టి అంకెలతో విడదీసే డ్యూయీ వర్గీకరణలో తెలుగు నాటకాలు 894.8272 కింద, నవలలు, కథలు 894.8273 కింద ఉంటాయి. చివరి అంకె ఒక్కటి చూడకపోతే నవల వెళ్లి నాటకాల మధ్య చేరుతుంది. కంప్యూటరు అది లోపలే ఉందంటుంది, పాఠకునికి మాత్రం దొరకదు. వారానికొకరు సర్దే బీరువాలో ఆ తప్పుకు పూచీపడేవారు ఉండరు.

అందువల్ల కౌంటరు పనిని మార్చాలి, బీరువాల పూచీని మార్చకూడదు అన్నది నా నిర్ణయం. ప్రతి ఉద్యోగికీ కొన్ని వరుసలు ఏడాదికి అప్పగించి, తలుపులు తెరిచిన తొలి అరగంటలో ఎవరి వరుసలు వారు సరిచూసుకునేటట్లు చేశాను. గ్రంథాలయ సాఫ్ట్‌వేరు కోహా అయినా, ఇ-గ్రంథాలయ అయినా, ఒకే పాస్‌వర్డుతో అందరూ పనిచేయడం మాన్పించి ఎవరి లాగిన్ వారికి ఇవ్వాలి. లేకపోతే ఏ ఎంట్రీ ఎవరిదో తేలక నెపం అటెండరు మీదకు పోతుంది, అది అన్యాయం. జరిమానా రసీదు పుస్తకం మాత్రం ఏడాదంతా ఒకరి దగ్గరే ఉండాలి. పరీక్షల ముందు, బాకీలేవీ లేవని చెప్పే నో డ్యూస్ పత్రం కోసం పిల్లలు బారులు తీరే రోజుల్లో మార్పిడి ఆపి, బాగా చేయి తిరిగినవారినే కూర్చోబెట్టడం మంచిది. ఒక్కరే అన్నీ చూసుకునే చిన్న శాఖా గ్రంథాలయాలకు ఈ ఎంపికే లేదు. అక్కడ వాపసుకు, జారీకి వేళలు విడదీయడమే ఉన్నంతలో ఉపాయం.

శనివారం సాయంత్రం కౌంటరు పని నుంచి దిగేవారు, సోమవారం ఆ పనిలోకి వచ్చేవారు పది నిమిషాలు పక్కపక్కన కూర్చుని, చేతికి తీసుకుని ఇంకా ఎక్కించని పుస్తకాలు, బైండింగుకు తీసిపెట్టినవి, ఎవరికైనా మాటిచ్చి పక్కన ఉంచినవి ఒక నోటుపుస్తకంలో రాసి ఇద్దరూ సంతకాలు చేస్తారు. ఆ నోటుపుస్తకం మొదటి పుటను పెళ్లి సెలవు నుంచి తిరిగి వచ్చిన పెద్దాయన చేతనే రాయించాను. అందులో ఉన్నది అట్టపెట్టెలో దొరికిన పుస్తకాల జాబితా.