చింటూతో తాహో: కుక్కకి ఏ దారి తెరిచి ఉంది, ఏ దారి మూసి ఉంది

కుక్కతో లేక్ తాహోకి వెళ్తుంటే అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఆ నేల ఎవరి అజమాయిషీలో ఉందన్నది. సరస్సు ఒకటే అయినా కొంత కాలిఫోర్నియాలో, కొంత నెవాడాలో ఉంటుంది. చుట్టూ ఉన్న 72 మైళ్ళ ఒడ్డులో కొంత అమెరికా అటవీ శాఖ వాళ్ళది, కొంత కాలిఫోర్నియా స్టేట్ పార్కులది, కొంత నెవాడా స్టేట్ పార్కులది, మిగిలింది ఊళ్ళదీ సొంతదారులదీ. అటవీ శాఖ దారుల్లో లీష్ (మెడపట్టీకి తగిలించి చేత్తో పట్టుకునే తాడు) కట్టిన కుక్కని చాలావరకు రానిస్తారు. కాలిఫోర్నియా స్టేట్ పార్కు దారుల్లో, బీచ్‌లలో సాధారణంగా రానివ్వరు. నెవాడా వైపు చాలా చోట్ల రానిస్తారు, కానీ కాలాన్ని బట్టి రూలు మారుతుంది. ఇది మనసులో పెట్టుకుంటే ట్రిప్‌లో సగం టెన్షన్ పోతుంది. లేకపోతే రెండు వందల మైళ్ళు కారు నడిపి, బోర్డు ముందు నిలబడి వెనక్కి తిరగాల్సి వస్తుంది.

మేముండేది కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌లో. ఇక్కడి తెలుగు కుటుంబాలకి తాహో అంటే చలికాలంలో మంచు, వేసవిలో చుట్టాలొస్తే చూపించే చోటు. కుక్కలున్న ఇళ్ళు కూడా ఈమధ్య బాగా పెరిగాయి. కానీ తాహో అనేసరికి చాలామంది కుక్కని బోర్డింగ్‌లో వదిలేసి వెళ్తున్నారు. అలా వదలక్కర్లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా చింటూ పసుపు రంగు లాబ్రడార్, వయసు తొమ్మిదేళ్ళు దాటింది. ఈసారి తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా మాతో ఉన్నారు. అంటే పెద్దవాళ్ళ మోకాళ్ళకీ, ముసలి కుక్క కాళ్ళకీ కుదిరే దారులే ఏరుకున్నాం.

అన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది కీవా బీచ్. సౌత్ లేక్ తాహో ఊరు దాటి 89వ నంబరు రోడ్డు మీద ఎమరాల్డ్ బే వైపు వెళ్తుంటే కుడిచేతి వైపు వస్తుంది. పక్కనే ఉన్న పోప్ బీచ్‌లోకీ, బాల్డ్విన్ బీచ్‌లోకీ కుక్కలకి ప్రవేశం లేదు. కీవాలో మాత్రం లీష్‌తో ఇసుక మీద నడిపించొచ్చు, నీళ్ళలోకి దింపొచ్చు. కారు దగ్గర నుంచి పైన్ చెట్ల మధ్య కాసేపు నడిస్తే ఒడ్డు. ఎదురుగా నీళ్ళు, వెనక్కి తిరిగితే మౌంట్ టాలక్. మా చింటూ పొట్ట మునిగేదాకా దిగి, అక్కడే నిలబడిపోయింది. నీళ్ళు జులైలో కూడా చల్లగానే ఉంటాయి. ముసలి కుక్కని ఎక్కువసేపు ఉంచకుండా బయటికి తీసి తువ్వాలుతో తుడవాలి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. మంచు బాగా పడిన ఏడాది తర్వాత సరస్సు మట్టం పెరిగి కీవాలో ఇసుక సన్నటి చారలా మిగులుతుంది. అలాంటప్పుడు జనం, కుక్కలు ఒకరి మీద ఒకరు పడ్డట్టు ఉంటారు. గొడవపడే కుక్క అయితే పొద్దున్నే తొమ్మిదిలోపు వెళ్ళి వచ్చేయడం మంచిది. ఒడ్డు ఇరుగ్గా ఉంటే పక్కనే టాలక్ హిస్టారిక్ సైట్ ఉంది. వందేళ్ళ కిందట శాన్‌ఫ్రాన్సిస్కో ధనవంతులు వేసవికి కట్టుకున్న ఇళ్ళు అవి. ఇళ్ళ లోపలికి కుక్క రాకూడదు కానీ, వాటి మధ్య దారుల్లో లీష్‌తో తిరగొచ్చు. చదునైన నేల, నీడ. అమ్మ అక్కడి బెంచీల మీద ఆగుతూ ఆగుతూ మొత్తం తిరిగింది.

ఇక ఎమరాల్డ్ బే. అందరూ వెళ్ళే చోటు ఇదే, కుక్కలున్నవాళ్ళకి ఎక్కువ తికమక పెట్టేదీ ఇదే. కిందికి దిగి 1929లో కట్టిన వైకింగ్స్‌హోమ్ భవనం దగ్గరికి వెళ్ళే దారి స్టేట్ పార్కుది, అక్కడికి కుక్క రాకూడదు. అక్కణ్ణించి డీఎల్ బ్లిస్ పార్కు దాకా ఒడ్డు వెంట సాగే రూబికాన్ ట్రైల్‌లోనూ అంతే. అదే రోడ్డుకి అవతలి వైపు, కొండ మీదికి వెళ్ళే ఈగల్ లేక్ దారి అటవీ శాఖది, కాబట్టి లీష్ ఉంటే సరిపోతుంది. ఒకే మలుపులో రోడ్డుకి ఇటు ఒక చట్టం, అటు ఒక చట్టం.

మేం పంచుకున్నాం. మా ఆయన అమ్మని తీసుకుని వైకింగ్స్‌హోమ్‌కి దిగారు. నేనూ నాన్నా చింటూని తీసుకుని ఈగల్ లేక్ వైపు వెళ్ళాం. పోను ఒక మైలు, ఎక్కుడు సుమారు 400 అడుగులు. ఇది డెసొలేషన్ వైల్డర్‌నెస్ అనే రక్షిత అడవిలోకి వెళ్తుంది కాబట్టి, మొదట్లోనే ఉన్న పెట్టెలోంచి కాగితం తీసి, పేరూ వివరాలూ రాసి పర్మిట్ మనమే తీసుకోవాలి. పగటిపూట నడకకి దానికి డబ్బు లేదు, పార్కింగ్‌కి మాత్రం ఉంది. రాతి మెట్లు ఎక్కువ. కొన్ని మెట్లు ఎత్తుగా ఉన్నాయి, చింటూకి వెనక నుంచి కాస్త ఊతం ఇవ్వాల్సి వచ్చింది. ఈ పని నాన్నే చేశారు. మా ఇంట్లో కుక్క గుమ్మం దాటి లోపలికి రావడం మా చిన్నప్పుడు ఆయన ఒప్పుకునేవారు కాదు. "అమ్మాయ్, నువ్వు ముందుండి లీష్ పట్టుకో, దీని నడుం నేను చూసుకుంటాను" అని మెట్టు మెట్టుకీ చెయ్యి వేసి ఎక్కించారు. పైన మూడు వైపులా గ్రానైట్ గోడలు, మధ్యలో చిన్న సరస్సు. వెళ్ళాల్సిన చోటే. అయితే పార్కింగ్ స్థలం చాలా చిన్నది. వేసవి శనివారం ఎనిమిది దాటాక చోటు దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకండి.

దగ్గర్లోని కాస్కేడ్ ఫాల్స్ దారి కూడా పొట్టిదే, రానూపోనూ సుమారు ఒకటిన్నర మైలు. కానీ చివర్లో బోసి బండరాయి, పక్కనే లోయ. లాగే కుక్క అయితే అక్కడికి వద్దంటాను. మౌంట్ టాలక్ శిఖరం 9,735 అడుగులు, రానూపోనూ పది మైళ్ళ దాకా నడక. కుక్కని తీసుకెళ్ళడానికి అనుమతి ఉంది, తీసుకెళ్ళేవాళ్ళూ ఉన్నారు. నేను మాత్రం తీసుకెళ్ళను. పైభాగమంతా పదునైన రాళ్ళు, నీడ లేదు. అరికాళ్ళు చిరిగిన కుక్కని ఐదు మైళ్ళు మోసుకుంటూ దిగడం ఎవరి వల్లా కాదు.

నెవాడా వైపు రెండు చోట్లు చెప్తాను. స్పూనర్ లేక్ చుట్టూ రెండు మైళ్ళ దారి, దాదాపు చదును. 7,000 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి మొదటి రోజే వెళ్తే మనకీ కుక్కకీ ఆయాసం వస్తుంది. ఆస్పెన్ చెట్లు ఎక్కువ, అక్టోబరు మొదట్లో ఆకులు పసుపుపచ్చగా మారతాయి. రెండోది తాహో మెడోస్. రీనో వైపు వెళ్ళే మౌంట్ రోజ్ రోడ్డు మీద, ఎనిమిదిన్నర వేల అడుగుల ఎత్తులో, విశాలమైన పచ్చిక మైదానం. జులైలో అడవి పూలు. చక్రాల కుర్చీ కూడా వెళ్ళేలా చేసిన 1.3 మైళ్ళ దారి ఒకటుంది. అమ్మానాన్నలతో, కుక్కతో కలిసి నడవడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు. సరస్సు చుట్టూ కొండల మీదుగా తిరిగే తాహో రిమ్ ట్రైల్‌లో, ఇక్కణ్ణించి దక్షిణంగా సాగే భాగంలో, సైకిళ్ళని సరి తేదీల్లోనే రానిస్తారు. సైకిల్ చూస్తే బెదిరే కుక్క ఉంటే బేసి తేదీన వెళ్ళండి.

నెవాడా ఒడ్డున ఉన్న శాండ్ హార్బర్ బీచ్ పేరు అందరూ చెప్తారు. ఏప్రిల్ 15 నుంచి అక్టోబరు 15 దాకా అక్కడికి కుక్కలు నిషిద్ధం. ఇంక్లైన్ విలేజ్ నుంచి అక్కడిదాకా 2019లో తెరిచిన మూడు మైళ్ళ ఈస్ట్ షోర్ ట్రైల్‌లో లీష్‌తో నడవొచ్చు, నీళ్ళ అందం చూడాలంటే అది చాలా బాగుంటుంది. కానీ వేసవిలో ఆ చివర శాండ్ హార్బర్‌లోకి కుక్క అడుగు పెట్టకూడదు కాబట్టి వచ్చిన దారినే వెనక్కి రావాలి. అదీ తారు దారి, మధ్యాహ్నం కాలుతుంది. అరచెయ్యి వెనక భాగం నేల మీద ఆనించి ఓ ఐదారు సెకన్లు ఉంచలేకపోతే కుక్క కూడా నడవలేదు. తాహో సిటీ దగ్గర ట్రకీ నది వెంట ఉన్న దారికీ ఇదే మాట. సరస్సులోకి 63 వాగులు వచ్చి కలుస్తాయి, బయటికి పోయేది ఆ ఒక్క నదే. పొద్దున పూట హాయిగా ఉంటుంది, పది దాటితే సైకిళ్ళ రద్దీ.

బస సంగతి. సౌత్ లేక్ తాహోలో కుక్కల్ని రానిచ్చే మోటళ్ళు, హోటళ్ళు చాలానే ఉన్నాయి. కానీ "పెట్ ఫ్రెండ్లీ" అని రాసిన చోటల్లా ఒకేలా ఉండదు. మేం మొదటి రాత్రి దిగిన మోటల్‌లో పెట్ ఫీజు ఒక్కసారే అనుకునేలా రాశారు, కౌంటర్ దగ్గర రాత్రికింత అన్నారు. పైగా కుక్కని గదిలో ఒంటరిగా వదలకూడదన్న నియమం అప్పుడే చెప్పారు. గది రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. చింటూకి ఆ ఇనుప మెట్లంటే భయం, మా ఆయన ఎత్తుకుని ఎక్కించారు. అందుకే బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడగండి: ఫీజు రాత్రికా, మొత్తానికా? గది కింది అంతస్తులోనేనా? కుక్కని గదిలో వదిలి భోజనానికి వెళ్ళొచ్చా? బరువు పరిమితి ఉందా? జవాబులు ఈమెయిల్‌లో కూడా తీసుకోండి.

తర్వాత అద్దె క్యాబిన్‌కి మారాం. వంటిల్లు ఉండటం మాకు పెద్ద వరం, కుక్కకి అన్నం వండొచ్చు, నాన్నకి పొద్దున్నే ఇడ్లీ పెట్టొచ్చు. లోటల్లా కంచె. పెరడు ఉందన్నారు కానీ అది నేరుగా అడవిలోకి తెరుచుకుని ఉంది. తాహోలో నల్ల ఎలుగుబంట్లు, కొయోట్లు ఊళ్ళోకి వస్తాయి. రాత్రి కుక్కని బయటికి వదలడం ఎంతమాత్రం కుదరదు, లీష్ కట్టి, టార్చి పట్టుకుని మనమూ వెళ్ళాల్సిందే. కుక్క తిండి కారులో వదలకూడదు, వాసనకి ఎలుగు కారు తలుపు తీసేస్తుంది. టెంట్‌లో పడుకోవడానికి ఇష్టపడేవాళ్ళకి ఫాలెన్ లీఫ్ క్యాంప్‌గ్రౌండ్ చెప్తాను. అటవీ శాఖది, లీష్‌తో కుక్కని రానిస్తారు, తిండి దాచుకోవడానికి ఎలుగు తెరవలేని ఇనుప పెట్టెలుంటాయి. ఫాలెన్ లీఫ్ సరస్సుకి అక్కణ్ణించి నడిచే వెళ్ళొచ్చు, ఒడ్డు వెంట నీడ దారి ఉంది, కీవాతో పోలిస్తే జనం తక్కువ. వేసవి వారాంతాలకి నెలల ముందే నిండిపోతుంది.

భోజనానికి ఇబ్బంది పడలేదు. కాలిఫోర్నియాలో 2015 నుంచి రెస్టారెంట్ల బయటి వరండాల్లో కుక్కల్ని కూర్చోనివ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది, అయితే యజమాని ఇష్టం. అడిగిన చోట్ల చాలావరకు ముందుగా చింటూకి నీళ్ళ గిన్నె తెచ్చి, తర్వాతే మా దగ్గరికి మెనూ పట్టుకొచ్చారు. మన పిక్నిక్ డబ్బాల గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూరలు కుక్కకి విషం. చక్కెర పొంగలిలో కిస్‌మిస్ మరీ ప్రమాదం, కొన్ని కుక్కలకి కొద్ది పలుకులతోనే కిడ్నీలు దెబ్బతింటాయి. అమ్మ ప్రేమగా ముద్ద పెట్టబోతుంటే ఆపి, ఎందుకో చెప్పాను. ఆ తర్వాత దాని కోసం ఉప్పు లేని పెరుగన్నం విడిగా కట్టింది.

నీళ్ళ విషయంలో ఒక జాగ్రత్త. ఎండలు ముదిరాక నిలవ నీళ్ళున్న చోట్ల నీలి ఆకుపచ్చ నాచు పట్టొచ్చు, అందులో కొన్ని రకాలు తాగిన కుక్కని గంటల్లో చంపేస్తాయి. సౌత్ లేక్ తాహోలోని తాహో కీస్ అనే కాలనీ కాలువల దగ్గర ఇలాంటి హెచ్చరిక బోర్డులు పెట్టిన సందర్భాలున్నాయి. పచ్చటి తెట్టు కనిపిస్తే కుక్కని దింపకండి, తాగడానికి నీళ్ళు మనమే తీసుకెళ్ళాలి.

మలం సంచుల గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. తాహో నీళ్ళ స్పష్టతని తెల్లటి పళ్ళెం నీళ్ళలోకి దించి, అది ఎంత లోతు దాకా కనిపిస్తుందో చూసి కొలుస్తారు. 1968లో సగటున 102 అడుగుల లోతు దాకా కనిపించేది. ఈమధ్య సంవత్సరాల్లో 60, 70 అడుగుల చుట్టుపక్కల ఉంటోంది. దానికి ముఖ్య కారణం రోడ్ల మీద నుంచీ కట్టడాల దగ్గర నుంచీ కొట్టుకొచ్చే సన్నటి ధూళి, నాచుకి బలమిచ్చే పోషకాలు. కుక్క మలం కూడా ఆ పోషకాల్లోకే చేరుతుంది. అయినా దారి పక్కన సంచిలో కట్టి, "తిరిగొచ్చేటప్పుడు తీసుకుందాం" అని వదిలేసిన మూటలు ప్రతి దారిలోనూ కనిపించాయి. వాటిని చూస్తే బాధేస్తుంది. కుక్కల మీద నిషేధాలు పెంచమని అడిగేవాళ్ళకి మనమే సాక్ష్యం ఇస్తున్నట్టు. మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బా ఒకటి బ్యాగ్‌లో పెట్టుకుంటే వాసన రాదు, వెంట మోసుకెళ్ళొచ్చు.

వెళ్ళే కాలం గురించి అడిగితే, సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు దాటాక అంటాను. జనం తగ్గుతారు, రాళ్ళు కాలవు, గదుల ధరలు దిగుతాయి. కార్చిచ్చు పొగ ఒక్కటే అప్పటి భయం. 2021 ఆగస్టు చివర్లో కాల్డర్ ఫైర్ అనే కార్చిచ్చు వల్ల సౌత్ లేక్ తాహో ఊరు మొత్తం ఖాళీ చేయించారు. అందుకే బయలుదేరే ముందు రోజు గాలి నాణ్యత చూసుకుని, డబ్బు వాపసు వచ్చే బుకింగే చేయండి. శుక్రవారం సాయంత్రం 50వ నంబరు రోడ్డులో కుక్కతో ఇరుక్కోవడం నరకం, గురువారం రాత్రో శనివారం తెల్లవారుజామునో బయలుదేరండి. రేబిస్ టీకా కాగితం ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి, డేకేర్‌లో వదలాలంటే మొదట అదే అడుగుతారు. దగ్గర్లోని వెట్ (పశువైద్యులు) ఎవరు, రాత్రి పూట చూసేది ఎక్కడ అన్నది కొండ ఎక్కకముందే ఫోన్ చేసి కనుక్కోండి. పైన చాలా దారుల్లో సిగ్నల్ అందదు.