అకారణ ఇంటరప్ట్‌లు: కోడ్‌లో వడపోత మేలా, పిన్ దగ్గర వడపోత మేలా?

బటన్ ఎవరూ నొక్కకుండానే ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి దీన్ని చూడమని ప్రాసెసర్‌కు పిన్ నుంచి వెళ్లే పిలుపు) వస్తోంది, కోడ్‌లో సరిచేయాలా, సర్క్యూట్‌లోనా అని చాలామంది అడుగుతున్నారు. ఇంటరప్ట్‌ను ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారే వచ్చి ఆగిపోతుంటే ఈ రెండింటితోనూ పని లేదు. అది ముందే పడి ఉన్న ఫ్లాగ్, అంటే ఇంటరప్ట్ ఉందని చిప్ వేసుకునే గుర్తు. ఏటీమెగా 328పీ మైక్రోకంట్రోలర్‌లో ట్రిగర్ పద్ధతి (పిన్‌లో ఏ మార్పుకు ఇంటరప్ట్ రావాలన్నది) మార్చేటప్పుడు కూడా ఫ్లాగ్ పడవచ్చు. అందుకే ముందు ఇంటరప్ట్ ఆపి, పద్ధతి మార్చి, ఈ ఫ్లాగ్‌లు ఉండే ఈఐఎఫ్ఆర్ రిజిస్టర్‌లో ఆ బిట్‌కు 1 రాసి ఫ్లాగ్ చెరిపి, ఆ తర్వాతే ఆన్ చేయాలి. 0 రాస్తే ఫ్లాగ్ చెరగదు.

మాటిమాటికీ వస్తుంటేనే అసలు చర్చ. కోడ్‌లో అందరూ చేసేది ఒకటే: చివరి ఇంటరప్ట్ సమయం గుర్తుంచుకొని, 20 మిల్లీసెకన్లలోపు వచ్చినవాటిని వదిలేయడం. ఖర్చు లేదు, బోర్డు ముట్టుకోనక్కర్లేదు. బటన్ బౌన్స్‌కు, అంటే ఒక్కసారి నొక్కినా లోపలి కాంటాక్ట్‌లు ఎగిరి పలుమార్లు తగలడానికి, ఇది సరిపోతుంది. అక్కడ మొదటి ఎడ్జ్ (సిగ్నల్ మారే క్షణం) నిజమైనదే, తర్వాతివే వృథా. పొడవాటి వైరు పక్కన మోటారో రిలేనో ఉంటే పరిస్థితి తారుమారవుతుంది. మొదట వచ్చేదే దొంగ ఎడ్జ్ కావచ్చు. దాంతో 20 మిల్లీసెకన్ల గడువు మొదలవుతుంది, సరిగ్గా ఆ గడువులో వచ్చిన అసలు సిగ్నల్ కాస్తా చెత్తబుట్టలోకి పోతుంది. యంత్రం చివరిదాకా వచ్చిందని చెప్పే లిమిట్ స్విచ్ విషయంలో ఇది తప్పుడు ఇంటరప్ట్ కంటే ప్రమాదం.

ఐఎస్ఆర్‌లోకి (ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) రాగానే పిన్‌ను ఒకసారి చదవడం ఇంతకంటే నయం. 16 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక క్లాక్ 62.5 నానోసెకన్లు. అంతకు మించి నిలిచిన పల్స్ ఏదైనా ఫ్లాగ్ వేసేస్తుంది. ఐఎస్ఆర్ మొదలవడానికి కనీసం 4 క్లాక్‌లు పడుతుంది. ఫాలింగ్ ఎడ్జ్‌కు (పిన్ హై నుంచి లో స్థాయికి పడినప్పుడు) ఇంటరప్ట్ వచ్చి, చదివేసరికి పిన్ హైలో ఉంటే అది నాయిస్ అని అనుమానించాల్సిందే. కారణం వెతకడానికి ఇది చక్కని పరీక్ష. కానీ ప్రాసెసర్ అప్పటికే నిద్రలేచింది, బ్యాటరీ ఖర్చయింది.

అందుకే నేను చూసేది ఒక్కటే: దొంగ ఎడ్జ్ ఫ్లాగ్ పడకముందే ఆగుతోందా, పడ్డాకనా? ముందే ఆపగలిగేది పిన్ దగ్గరి వడపోతే. పిన్‌ను హైలో పట్టి ఉంచే రెసిస్టర్‌ను పుల్-అప్ అంటారు. ఏటీమెగా లోపలి పుల్-అప్ 20 నుంచి 50 కిలో ఓమ్‌లు. పొడవాటి వైరును గట్టిగా పట్టి ఉంచడానికి అది చాలదు. వైరు వైపు 4.7 కిలో ఓమ్‌ల పుల్-అప్, అక్కడి నుంచి పిన్‌కు సిరీస్‌లో 1 కిలో ఓమ్, పిన్‌ను ఆనుకొని గ్రౌండ్‌కు 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. నొక్కినప్పుడు టైమ్ కాన్‌స్టాంట్ (వోల్టేజ్ ఎంత నెమ్మదిగా మారుతుందో చెప్పే కొలత) 0.1 మిల్లీసెకన్, వదిలినప్పుడు దాదాపు 0.6. నానోసెకన్ల పల్స్‌లు ఇందులోనే అణగిపోతాయి. కొన్ని మిల్లీసెకన్లు సాగే బౌన్స్ మాత్రం మిగలవచ్చు, దానికి కోడ్‌లోని గడువు వాడండి. నాయిస్ ముందే ఆగింది కాబట్టి ఇప్పుడు ఆ గడువు అసలు సిగ్నల్‌ను మింగదు. ఎడ్జ్ నెమ్మదిస్తుంది నిజమే. ఏటీమెగా పిన్‌లలో నెమ్మదైన ఎడ్జ్‌ను స్పష్టంగా మార్చే ష్మిట్ ట్రిగర్ ఉంది, లేని చోట అదే పని చేసే 74హెచ్‌సీ14 చిప్ పెట్టుకోవచ్చు. వేగంగా తిరిగే ఎన్‌కోడర్‌కు (తిరుగుడును పల్స్‌లుగా ఇచ్చే సెన్సర్) ఈ విలువలు పనికిరావు, 1 కిలో ఓమ్, 1 నానోఫారడ్‌తో మొదలుపెట్టండి.

ఉన్నవి మామూలు బటన్‌లే అయితే, టైమర్‌తో 5 మిల్లీసెకన్లకోసారి పిన్ చదివినా చాలు.

ఈఎస్‌పీ32 అనే మరో మైక్రోకంట్రోలర్ వాడేవారు పిన్ నంబర్ కూడా చూసుకోవాలి. 34 నుంచి 39 వరకు పిన్‌లకు లోపలి పుల్-అప్ అసలు లేదు. వాటిలో 36, 39 పిన్‌లు చిప్‌లోని ఏడీసీ (వోల్టేజ్‌ను అంకెగా మార్చే భాగం) వంటివి పవర్ అందుకునేటప్పుడు దాదాపు 80 నానోసెకన్లు వాటంతటవే లో స్థాయికి పడిపోతాయి. ఇది చిప్‌లోని లోపం. ఆ రెండింటినీ వదిలి ఇంటరప్ట్‌ను వేరే పిన్‌కు మార్చడమే సులువు.