నార్త్ కరోలినా ఏ అండ్ టీ, ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్: ఏది ఎవరికి?

నల్లజాతి విద్యార్థుల కోసం అమెరికాలో వెలసిన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నార్త్ కరోలినా రాష్ట్రం గ్రీన్స్‌బరోలోని ఏ అండ్ టీ (అగ్రికల్చరల్ అండ్ టెక్నికల్, స్థాపన 1891), ఫ్లోరిడా రాష్ట్రం టలహాసీలోని ఏ అండ్ ఎమ్ (అగ్రికల్చరల్ అండ్ మెకానికల్, స్థాపన 1887) పేరెన్నికగన్నవి.

పాలన: రెండింటికీ పదమూడు మందితో ధర్మకర్తల మండలి ఉంది, రెండింటిపైనా ఆయా రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే రాష్ట్రస్థాయి ‘గవర్నర్ల మండలి’ ఉంది. అయితే ఫ్లోరిడాలో ఆరుగురు ధర్మకర్తలను ఎన్నికల్లో గెలిచి రాష్ట్రాన్ని పాలించే గవర్నరే నియమిస్తారు కనుక అక్కడ రాజకీయాల నీడ మరింత నేరుగా పడుతుంది.

ఇటీవలి ప్రగతి: ఏ అండ్ టీలో విద్యార్థుల సంఖ్య 2024లో 14 వేలు దాటింది, ఇలాంటి సంస్థల్లో అదే అతిపెద్దది.

నష్టభయం: 2024 మే స్నాతకోత్సవంలో ఘనంగా ప్రకటించిన 23.7 కోట్ల డాలర్ల విరాళం నిలవకపోవడంతో ఏ అండ్ ఎమ్ పరువు దెబ్బతింది. అధ్యక్షుడు లారీ రాబిన్సన్ ఆ ఏడాదే తప్పుకున్నారు. దాత ఇస్తానన్న ఆస్తుల విలువను ముందే నిగ్గు తేల్చుకోవలసింది, అది పాలకుల కనీస బాధ్యత.

ఖర్చు: రెండుచోట్లా సొంత రాష్ట్రం వారికి ఫీజు బాగా తక్కువ.

ఇంజినీరింగ్ కోరేవారికి, నిలకడైన యాజమాన్యం ముఖ్యమనుకునేవారికి ఏ అండ్ టీ మేలు. ఫార్మసీ, న్యాయశాస్త్రం చదవదలచినవారికి, ఫ్లోరిడా వాసులకు ఏ అండ్ ఎమ్ తగినది.