మెస్ ప్రతినిధి సంతకం ఏ కాగితం మీద ఉండాలి? డివైడింగ్, కాంట్రాక్టు, క్యూఆర్ కోడ్: ఏది మేలు?

యూనివర్సిటీ హాస్టల్లో పప్పు నీళ్లలా ఉంటే ఎవరికి చెప్పాలి? డివైడింగ్ మెస్ (నెల ఖర్చుని తిన్నవాళ్లే పంచుకునే మెస్) అయితే విద్యార్థులు ఎన్నుకున్న మెస్ సెక్రటరీకి చెప్పాలి. కాంట్రాక్టు మెస్ అయితే మెస్ కమిటీ ద్వారా వార్డెన్‌కి చెప్పాలి. ఈమధ్య మూడోది వచ్చింది: గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్‌లో రాయడం. మూడు చోట్లా "విద్యార్థుల భాగస్వామ్యం ఉంది" అనే అంటారు. నిజంగా ఉందో లేదో తేల్చే పరీక్ష ఒక్కటే. విద్యార్థి సంతకం పెట్టకపోతే ఏ కాగితమైనా ఆగుతుందా? సరుకుల ఇండెంట్ (ఏ సరుకు ఎంత కావాలో రాసే చీటీ) ఆగుతుందా, నెల బిల్లు ఆగుతుందా? ఏదీ ఆగకపోతే ఆ ప్రతినిధి మీటింగుకి వెళ్లి టీ తాగి రావడానికే.

మన రాష్ట్ర యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు దశాబ్దాలుగా జరగడం లేదు. చాలామంది విద్యార్థులకు తమ క్యాంపస్‌లో ఓటేసే అవకాశం ఏదైనా మిగిలిందంటే అది మెస్‌లోనే. అందుకే ఈ చిన్న పదవిని చిన్నచూపు చూడకూడదు.

డివైడింగ్ మెస్

లెక్క సులువు. నెలలో అయిన మొత్తం ఖర్చుని మొత్తం మెస్ రోజులతో భాగించాలి. 280 మంది, 30 రోజులు అంటే 8,400 మెస్ రోజులు. మెస్ కట్ పెట్టుకున్నవాళ్ల (ఫలానా రోజులు తినబోమని ముందే రాయించుకున్నవాళ్ల) 600 రోజులు తీసేస్తే 7,800. ఖర్చు 6,24,000 అయితే రోజుకి 80 రూపాయలు. నెలంతా తిన్నవాళ్లకి 2,400 బిల్లు. లాభం ఎవరికీ లేదు, మిగిలిందంతా విద్యార్థులదే. ఈ పద్ధతికి ఉన్న అసలు బలం ఇదే.

గొడవలు మొదలయ్యేది పండగ నెలలో. వంటవాళ్ల జీతాలు, గ్యాస్‌లో కొంత భాగం ఎంతమంది తిన్నా మారవు. పై లెక్కలో అవి 1,40,000 అనుకోండి, సరుకులు రోజుకి మనిషికి 62. సంక్రాంతికి ఊళ్లకి వెళ్లడంతో మెస్ రోజులు 5,000కి పడిపోతే సరుకుల ఖర్చు 3,10,000కి తగ్గుతుంది గానీ జీతాలు అలాగే ఉంటాయి. మొత్తం 4,50,000, రోజుకి 90. "తక్కువమంది తిన్నాం, రేటెలా పెరిగింది? సెక్రటరీ తినేశాడు" అన్న మాట అప్పుడే పుడుతుంది. పాపం, అతను తినలేదు. బిల్లు అంటించేటప్పుడు మారని ఖర్చుని, మారే ఖర్చుని రెండు వరుసల్లో విడిగా చూపిస్తే ఈ అనుమానం సగం పోతుంది.

నిజంగా చిల్లు పడేది నాన్ బోర్డర్ల దగ్గర, అంటే హాస్టల్లో సీటు లేకుండా తినేవాళ్ల దగ్గర. లెక్కలో లేని 40 మంది రోజూ తింటే నెలకి 1,200 మెస్ రోజులు. వాళ్లు తిన్నది మిగిలినవాళ్ల బిల్లులోకి వచ్చి పడుతుంది. ఇది స్నేహాలతో, పాత పరిచయాలతో ముడిపడ్డ వ్యవహారం. విద్యార్థి ప్రతినిధిని గేటు దగ్గర నిలబెట్టి ఆపమనడం అన్యాయం. గెస్ట్ టోకెన్ రేటుని రోజు రేటు కంటే ఎక్కువగా పెట్టి, టోకెన్ అమ్మే పని ఆఫీసుకి అప్పగించాలి. ప్రతినిధికి టోకెన్ల లెక్క చూసే హక్కు ఉంటే చాలు.

డివైడింగ్‌లో ప్రతినిధి అధికారమంతా స్టోర్ రూమ్ తలుపు దగ్గర ఉంటుంది. పొద్దున ఆరింటికి వంట మాస్టర్ సరుకులు తీసుకుంటాడు. మధ్యాహ్నం పప్పుకి మనిషికి 35 గ్రాముల కందిపప్పు అనుకుంటే 300 మందికి పదిన్నర కిలోలు. కాటా మీద ఏడు కిలోలే తూగితే పప్పు నీళ్లవుతుందని ఆరింటికే తెలిసిపోతుంది. పన్నెండున్నరకి గిన్నెలో గరిటె పెట్టి అరిచి లాభం లేదు. బియ్యం పూటకి మనిషికి 160 గ్రాములైతే 300 మందికి 48 కిలోలు. రాత్రి మిగిలిన అన్నం తూచి రాసుకుంటే వారంలోనే తెలుస్తుంది, ఏ రోజు ఎన్ని కిలోలు తగ్గించి పోయాలో.

సరుకు దించుకునేటప్పుడు రెండు మోసాలు తరచూ జరుగుతాయి. ఒకటి బస్తా. 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద ఐదు శాతం జీఎస్టీ వేశాక మార్కెట్లోకి 26 కిలోల బస్తాలు వచ్చాయి. బిల్లులో "బస్తాలు 20" అని ఊరికే రాస్తే అవి 25వా 26వా తెలియదు, ఇరవై కిలోల తేడా. కాబట్టి బిల్లు కిలోల్లోనే ఉండాలి. రెండోది నూనె టిన్ను. 15 లీటర్ల టిన్ను, 15 కిలోల టిన్ను చూడటానికి ఒకటే. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి లీటర్ల టిన్నులో ఉండేది 13.65 కిలోలే. కిలోల రేటు కట్టి లీటర్ల టిన్ను దించుకుంటే టిన్నుకి 1.35 కిలోలు పోయినట్టే. 19 కిలోల గ్యాస్ సిలిండర్‌నీ కాటా మీద పెట్టండి, ఖాళీ బరువు దాని మీదే రాసి ఉంటుంది. కూరగాయల రేటు సరిచూడటానికి దగ్గర్లోని రైతుబజారు బోర్డు చాలు. అక్కడ రోజువారీ ధరలు రాసి పెడతారు. తెల్లవారుజామున మార్కెట్‌కి వెళ్లే వీలు లేని అమ్మాయిల హాస్టళ్లకి ఇదే ఆధారం.

ఇంత చేసినా డివైడింగ్‌ని ముంచేది అప్పు. ప్రభుత్వం నుంచి రావాల్సిన స్కాలర్‌షిప్పు, మెయింటెనెన్స్ ఫీజు (హాస్టల్ ఖర్చుల డబ్బు) ఆలస్యమైతే మెస్ బకాయిలు పేరుకుంటాయి. కిరాణా కొట్టు ఖాతా పెరుగుతుంది. అరువు మీద ఇచ్చేవాడు రేటు పెంచుతాడు, నాసిరకం పంపుతాడు, ప్రతినిధి నోరెత్తలేడు. డబ్బులు ఇవ్వాల్సినవాడు బేరమెలా ఆడతాడు? పైగా సెక్రటరీ కూడా విద్యార్థే, పరీక్షలొస్తే స్టోర్ తాళం ఎవరి చేతిలోకో పోతుంది. ఏడాదికొకసారి ఎన్నుకునే ఒక్క సెక్రటరీ కంటే, నెలకొకసారి మారే ముగ్గురి జట్టు నయం. అందులో ఒకరు పాత నెలవాళ్లు ఉండాలి, లేకపోతే ఖాతా పుస్తకం అప్పగింతలోనే వారం గడిచిపోతుంది.

మరో మాట గట్టిగా చెప్పాలి. డివైడింగ్ మెస్‌కీ ఆహార భద్రత లైసెన్సు ఉండాలి. అది యూనివర్సిటీ బాధ్యత. ఏ విద్యార్థి పేరుతోనూ తీసుకోకూడదు. ఎవరికైనా వాంతులు విరేచనాలైతే కేసు మీదకి తెచ్చుకోవాల్సింది మెస్ సెక్రటరీ కాదు.

కాంట్రాక్టు మెస్

ఇక్కడ లైసెన్సు, జీతాలు, గ్యాస్, సరుకులు అన్నీ కాంట్రాక్టరువే. రేటు ఏడాదంతా ఒకటే. విద్యార్థికి తలనొప్పి తక్కువ. ప్రతినిధికి అధికారం కూడా తక్కువే, ముందుగా కాగితం మీద రాయించుకుంటే తప్ప.

టెండర్‌లో తక్కువకి కోట్ చేసినవాడికే ఇవ్వడం ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన జబ్బు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ వరకు చదివేవాళ్ల డైట్ చార్జీని (ఒక్కో విద్యార్థి భోజనానికి ఇచ్చే డబ్బుని) నెలకి 1,500 నుంచి 2,100కి పెంచింది. అంటే రోజుకి 70 రూపాయలు. కాంట్రాక్టర్ తన రేటులోంచే జీతాలు, గ్యాస్, లాభం కూడా తీసుకోవాలి. అలాంటివాడు అదే మెనూకి 65కి వస్తానంటే సంతోషించకండి. ఎక్కడ కోత పెడతాడో అడగండి. పెరుగులో నీళ్లు, పప్పులో గ్రాములు, నూనెని మళ్లీ మళ్లీ కాచడం, మార్కెట్లో సాయంత్రం మిగిలిన కూరగాయలు: కోత ఎప్పుడూ ఈ నాలుగింటిలోనే పడుతుంది.

అందుకే కమిటీ పని టెండర్ పిలవకముందే మొదలవ్వాలి. మెనూలో "పప్పు, కూర, పెరుగు" అని రాస్తే ఎవరూ ఏమీ అడగలేరు. గ్రాములు రాయాలి. ఎంత రాయాలో తెలియకపోతే హైదరాబాద్ తార్నాకలో, ఉస్మానియా క్యాంపస్ పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ సూచించిన పళ్లెం చూడండి. రోజుకి 2,000 కేలరీలకి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఆ గ్రాములని మార్కెట్ రేటుతో గుణించి, జీతాలు గ్యాస్ కలిపితే కనీస ధర వస్తుంది. అంతకంటే తక్కువ కోట్ చేసినవాడిని కారణం రాసివ్వమనాలి. టెండర్‌లో నిలబడ్డవాళ్ల వంట రుచి చూసి మార్కులు వేసే కమిటీలో సగం మంది విద్యార్థులు ఉండాలి.

ఇక జరిమానా పేజీ. "నాసిరకం భోజనం పెడితే తగు చర్య తీసుకోబడును" అన్న వాక్యం వల్ల ఎవరికీ పైసా ఉపయోగం లేదు. పప్పు గ్రాములు పది శాతం మించి తగ్గితే ఎంత, పురుగు కనిపిస్తే ఎంత, భోజనం అయిపోయి అరగంటలో మళ్లీ వండకపోతే ఎంత, రెండోసారి అయితే రెట్టింపు, నెలలో మూడుసార్లు అయితే రద్దు నోటీసు అని అంకెలతో రాయాలి. ఫిర్యాదు నమోదు కూడా ముందే రాసుకోవాలి: ఫొటో, సమయం, ఇద్దరు కమిటీ సభ్యుల సంతకాలు, మెస్ సూపర్‌వైజర్ సంతకం, అన్నీ గంటలోపు. సూపర్‌వైజర్ సంతకం పెట్టకపోతే ఆ సంగతే రాసి వార్డెన్‌కి పంపాలి. గంట దాటితే గిన్నెలు కడిగేస్తారు, సాక్ష్యం డ్రైనేజీలో పోతుంది.

ఇప్పుడు అసలు కాగితం. నెలాఖరున కాంట్రాక్టర్ బిల్లుకి కమిటీ ధ్రువీకరణ జతపరచకపోతే ఫైనాన్స్ సెక్షన్ చెల్లించకూడదు అని ఒప్పందంలో ఉండాలి. ఈ ఒక్క వాక్యం ఉన్న కాంట్రాక్టు మెస్, సెక్రటరీ ఉన్న డివైడింగ్ మెస్‌కి సమానంగా నిలబడుతుంది. లేకపోతే ఫిర్యాదు వార్డెన్ నుంచి చీఫ్ వార్డెన్‌కి, అక్కడి నుంచి రిజిస్ట్రార్‌కి వెళ్లేసరికి సెమిస్టర్ అయిపోతుంది.

ప్రతినిధి జారిపోయే చోట్లు రెండు. విడిగా వడ్డించే ప్లేటు ఒకటి: కమిటీ సభ్యుడికి వంటగదిలోంచి వేరే కూర వచ్చిందంటే ఆ నెల ఫిర్యాదు పుస్తకం ఖాళీగా ఉంటుంది. కమిటీవాళ్లు లైన్లో నిలబడే తినాలి. రెండోది భయం. చదువు అయిపోయాక నో డ్యూస్ సర్టిఫికెట్ (బకాయిలేవీ లేవనే కాగితం) మీద వార్డెన్ సంతకం కావాలి కదా, ఎందుకొచ్చిన గొడవ అనుకుంటారు. ఫిర్యాదు వ్యక్తి పేరున కాకుండా కమిటీ పేరున, ఎప్పుడూ ఇద్దరి సంతకాలతో వెళ్లాలనేది అందుకే.

వంటగది తనిఖీకి వెళ్లేవాళ్లు చూడాల్సినవి కొన్ని చట్టంలోనే ఉన్నాయి. వేడి పదార్థాలు 60 డిగ్రీలకి తగ్గకుండా ఉండాలి, ఆహారంలో గుచ్చి చూసే ఒక ప్రోబ్ థర్మామీటర్ ఉంటే నిమిషంలో తేలుతుంది. వేపుడు నూనెలో పోలార్ సమ్మేళనాలు (మళ్లీ మళ్లీ కాచడంతో నూనెలో పెరిగే పదార్థాలు) 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. వంటవాళ్లకి ఏటా వైద్య పరీక్ష జరగాలి. చట్టంలో రాసినా రాయకపోయినా ప్రతి వంటకం నుంచి కొంత తీసి, తేదీ రాసి ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచమని ఒప్పందంలో పెట్టండి. విషాహారం అనుమానం వస్తే ల్యాబ్‌కి పంపడానికి ఏదో ఒకటి మిగలాలి.

క్యూఆర్ కోడ్

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చికెన్ ముక్కలు తగ్గిన రోజు మూడొందల మెసేజీలు వస్తాయి, మిగతా రోజుల్లో మూడు వస్తాయి. సమాధానం ఎవరిస్తారో తెలియదు. సంతకం లేదు, ఆగే కాగితమూ లేదు. అయితే పేరు చెప్పడానికి జంకే మొదటి సంవత్సరం పిల్లలకి ఇది ఒక దారి. అందుకని తీసేయక్కర్లేదు. వచ్చిన మెసేజీలు నేరుగా కమిటీకి కనిపించాలి, వారానికోసారి లెక్కగట్టి బోర్డు మీద పెట్టాలి. కమిటీకి బదులుగా దీన్ని పెడితే మాత్రం ఒప్పుకోకండి.

మరి ఏది మేలు?

మూడొందల లోపు హాస్టల్ అయితే డివైడింగ్. కాకపోతే కొనుగోలుని విద్యార్థుల మీద వదలకూడదు. ఏడాదికి సరుకుల రేట్లు యూనివర్సిటీ టెండర్‌తో ఖరారు చేసి డబ్బు తనే కట్టాలి. ఏ సరుకు ఎంత అనేది విద్యార్థి ఇండెంట్ రాయాలి, తూకం చూసి సంతకం పెట్టాలి. జీతం తీసుకునే స్టోర్‌కీపర్ తాళం పట్టుకోవాలి. అప్పు, అనుమానం రెండూ పోయి, అధికారం మాత్రం విద్యార్థి దగ్గరే ఉంటుంది. మా దృష్టిలో అన్నిటికంటే మంచి పద్ధతి ఇదే.

ఆరొందలు దాటితే విద్యార్థులు ఇండెంట్ రాసుకుంటూ చదువుకోలేరు. అక్కడ కాంట్రాక్టే, కానీ ఒక్కడికే ఇవ్వకూడదు. ఇద్దరు కేటరర్లని పెట్టి, ఏ నెల ఎవరి దగ్గర తినాలో విద్యార్థి ఎంచుకునేలా చేస్తే, కమిటీ చెప్పలేని మాట కూడా లైను పొడవే చెబుతుంది. అయితే ఇద్దరికీ కనీస హాజరు గ్యారంటీ ఇస్తే ఈ పోటీ మొదటి రోజే చచ్చిపోతుంది, ఆ షరతు ఒప్పుకోవద్దు. మూడొందలకీ ఆరొందలకీ మధ్య ఉన్న హాస్టళ్లలో, ఫీజు డబ్బు సకాలంలో వచ్చే చోట డివైడింగ్, బకాయిలు నెలల తరబడి నిలిచే చోట కాంట్రాక్టు.

ఇప్పటికే కాంట్రాక్టు నడుస్తుంటే, ముందు ఆ ఒప్పందం కాపీ చేతికి రావాలి. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద యూనివర్సిటీ పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. అడగాల్సినవి మూడే: ఒకటి, జరిమానా పేజీతో సహా ఒప్పందం మొత్తం; రెండు, గత పన్నెండు నెలల్లో కాంట్రాక్టర్ బిల్లుల్లోంచి నెలవారీగా కోసిన మొత్తం; మూడు, ప్రతి బిల్లుకి జతపరచిన ధ్రువీకరణ పత్రాల కాపీలు. మూడో ప్రశ్నకి వచ్చే జవాబులో ఆ పత్రాల మీద ఎవరి సంతకం ఉందో చూడండి.