లాగుడు లేని సిగార్‌కి 1500 రూపాయలా?

సిగార్‌లో ముందు చూడాల్సింది లాగుడు. రుచి, వాసన, పై ఆకు నునుపు, బూడిద రాలకుండా ఎంతసేపు నిలబడింది, ఇవన్నీ ఆ తర్వాతే. లాగితే పొగ నోట్లోకి రావాలి, అంతే కదా. ఒక్కోటి 1500 పెట్టి కొన్న సరుకులో అదొక్కటే లేకపోతే ఎంత ఒళ్లు మండుతుందో ఏడాదిగా అనుభవిస్తున్నాను. ఆ మంట ఇంకా తగ్గలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

పేరు రాయను. నికరాగువా దేశపు సరుకు, రొబుస్టో సైజు (పొట్టిగా, లావుగా ఉండేది), ముదురు రంగు మదురో రేపర్ (రేపర్ అంటే పై ఆకు), పెట్టె మొత్తం విశాఖలో కొన్నాను. సిగార్ అలవాటున్నవాళ్లకి మిగతాది చెప్పక్కర్లేదు.

పెట్టె తెరిచిన కొత్తలో కనపడినవాళ్లందరికీ దీని గురించి గొప్పగా చెప్పాను. మొదటిది నిజంగా బాగుంది. అంటించగానే మిరియాల ఘాటు, రెండు నిమిషాల్లో అది తగ్గి వేయించిన వేరుశనగ గుళ్ల వాసన, కాఫీ చేదు, ఆఖర్న నాలుక మీద కొంచెం తీపి. ఆ మాట మీద ఇప్పటికీ ఉంటాను. కాకపోతే ఆ మొదటిది కూడా సగం దాటాక ఒకసారి ఆరిపోయింది, మళ్లీ అంటించాల్సి వచ్చింది, ఆ సంతోషంలో నేను దాన్ని లెక్కపెట్టలేదు. తర్వాతివాటిలో సగానికి పైగా మొదటి నుంచే బిగుసుకుపోయాయి.

తేమ వల్ల అయ్యుంటుందని అంటారని తెలుసు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రతనయ నది ఒడ్డున ఊరు, సముద్రం కూడా పెద్ద దూరం కాదు, వానాకాలంలో వేయించిన అప్పడం కాసేపు బయట పెడితే మెత్తబడిపోతుంది. అందుకే వాటిని గాలి చొరబడని డబ్బాలో, 65 శాతం తేమ నిలిపే ప్యాకెట్ వేసి ఉంచాను, లోపల డిజిటల్ మీటర్ కూడా ఉంది. 70 దాటితే ఆకు ఉబ్బి లాగుడు బిగుసుకుంటుందని నాకూ తెలుసు, మీటర్ ఎప్పుడూ అంత దూరం పోలేదు. జనవరిలో ఇక్కడ గాలి కాస్త పొడిగా ఉన్నప్పుడు, కాల్చే ముందు రోజే ఒకటి తీసి బయట పెట్టి కూడా చూశాను. ఏమీ మారలేదు.

ఆ జనవరిలోనే గుణుపురం నుంచి మా బావ వచ్చాడు. రాత్రి భోజనాలకి ముందు మేడ మీద కూర్చున్నాం, బీరు సీసాలు చల్లగా చెమట పట్టి ఉన్నాయి. ఇద్దరికీ చెరొకటి, నోట్లో పెట్టుకునే తల కొస కట్ చేశాను. అతనిది పరవాలేదు. నాది నాలుగు లాగులకే బుగ్గలు నొప్పి పుట్టించింది, వచ్చిన పొగ గుక్కెడు కూడా లేదు. ఇలాంటి సిగార్‌తో జరిగేది ఇదే. నిమిషానికొకసారి మెల్లగా లాగాల్సినదాన్ని పొగ రావట్లేదని గట్టిగా, ఊరికూరికే లాగుతాం, తారంతా నోటి దగ్గర చేరి చేదెక్కుతుంది, లోపలికి గాలి చాలక నిప్పు ఆరిపోతుంది, మళ్లీ అంటిస్తే మాడు వాసన. ఆ మాడు చేదు మీద చల్లటి బీరు పడితే ఇంకా ఘోరం. అంత చల్లదనానికి నాలుక మొద్దుబారి తీపి తెలియకుండా పోతుంది, చేదు మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఇక్కడ ఆఫ్ షాపులో (మందు కొని తీసుకెళ్లే షాపు) దొరికేది ఎక్కువగా స్ట్రాంగ్ బీరే, ఆల్కహాల్ 8 శాతం దగ్గర ఉండే రకం. మదురోకి నప్పేది మాడు బార్లీతో చేసే నల్లటి స్టౌట్ బీరు. అది మా ఊళ్లో నాకు ఎప్పుడూ దొరకలేదు. లైటర్ పట్టుకుని కుస్తీ పడుతుంటే 650 మిల్లీ సీసాలో నురగ పోయి, బీరు కూడా చప్పబడింది. బావ చూసి చూసి, "వదిలెయ్ బావా, నాది తీసుకో" అన్నాడు. ఇంటికొచ్చిన మనిషి చేతిలోది తీసుకోవడమేమిటి!

కిందికెళ్లి దబ్బనం తెచ్చాను. సిగార్ లోపల అడ్డు తగిలితే సన్నటి చువ్వ దూర్చి దారి చేస్తారు, దానికంటూ సామాను కూడా అమ్ముతారు, మన ఇంట్లో దబ్బనం ఉండగా అదెందుకు అనుకున్నాను. తల దగ్గర నుంచి మెల్లగా తిప్పుతూ దింపాను. రెండంగుళాల దగ్గర ఆగిపోయింది. గట్టిగా, చెక్కలా ఏదో తగిలింది. ఇంకొంచెం ఒత్తితే రేపర్ పొడుగునా ఫట్‌మని చీలింది. ఇక దాన్ని కాల్చేది లేదు కదా అని ఆర్పి, బ్లేడుతో నిలువునా కోసి కాగితం మీద పరిచాను. మధ్యలో లావుపాటి ఈనె, నా చిటికెన వేలంత పొడుగు, దాని చుట్టూ ఆకు తాడు పేనినట్టు మెలి తిరిగి ఉంది. చేత్తో చుట్టే మంచి సిగార్‌లో లోపలి ఆకుని ఒక్కొక్కటిగా గొట్టంలా చుట్టి పక్కపక్కన పేరుస్తారు, లేదంటే కుచ్చెళ్లలా మడుస్తారు, ఎలా చేసినా ఆ సందుల్లోంచి గాలి నడవడమే లెక్క. మెలి తిప్పితే ఆ దారి మూసుకుపోతుంది. చాలా ఫ్యాక్టరీల్లో పై ఆకు చుట్టకముందే ఒక్కోదాన్ని మెషిన్‌కి పెట్టి గాలి లాగి చూస్తారు, బిగుతుగా ఉన్నది అక్కడే ఆగిపోతుంది. ఆ మెషిన్ ముందుకు పోయిన సరుకైతే ఇంత ఈనెతో బయటికి రాదు.

కొన్న షాపుకి ఫోన్ చేసి, ఫొటోలు కూడా పంపాను. "చేత్తో చుట్టినవి సార్, ఒకటీ అరా అలా వస్తాయి" అన్నారు. ఒకటీ అరా అయితే నేనూ సర్దుకునేవాణ్ణి. సగం పెట్టెకి ఆ జవాబు సరిపోదు.

ఆ కోసిన ముక్కల్ని పొట్లం కట్టి పాతపట్నం తీసుకెళ్లాను, అక్కడ నాకు తెలిసిన ఒక పెద్దాయన చుట్టలు చుడతాడు. సిగార్ ఎప్పుడూ కాల్చి ఉండడు, ఆకు సంగతి మాత్రం చేతికే తెలుసు. ఈనె పట్టుకుని చూసి, "ఇదేటి బాబూ, ఈనె తియ్యకుండా సుట్టేసినారు?" అన్నాడు. తర్వాత తన లంక పొగాకు ఒకటి తీసి, తడి చెయ్యి రాసి, ఈనెని ఒక్క లాగులో ఒలిచి పక్కన పడేసి, నలిపిన ఆకు లోపల పెట్టి చుట్టి, దారం కట్టి ఇచ్చాడు. సాయంత్రం దాన్ని అదే బీరుతో కాల్చాను. ఘాటు ఎక్కువే, సగానికే తల తిరిగింది, సిగార్‌లో ఉండే ఆ మెత్తదనం దీంట్లో లేదు, దీన్ని దానికంటే గొప్పదని నేను చెప్పను. పొగ మాత్రం లాగిన ప్రతిసారీ నోటి నిండా వచ్చింది. సిగార్ వెలలో ఈ చుట్ట వెల ఏ మూలకీ రాదు.

నేను తరచుగా కాల్చేవాణ్ణి కాదు. మా నాన్నమ్మ అడ్డపొగ కాల్చేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. శ్రీకాకుళం వైపు ఆ అలవాటు తెలియని ఇల్లుండదు, దానివల్ల అంగిట్లో పుండ్లు, కేన్సర్ వస్తాయని డాక్టర్లు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు. ఆవిడ నోరు చూసినవాణ్ణి కాబట్టి పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో మాత్రమే ముట్టుకుంటాను. అలా ఎప్పుడో ఒకసారి కాల్చేవాడికి ఒక్కోటీ బాగుండాలి. రోజూ కాల్చేవాళ్లు ఒకటి పాడైతే పారేసి ఇంకోటి తీస్తారు, నాకు ఆ సాయంత్రం మళ్లీ రాదు.

కాబట్టి ఇది అందరికీ వర్తించే తీర్పు అనుకోకండి. బావకి వచ్చినవి రెండూ బాగానే కాలాయి, అతన్ని అడిగితే మంచి సరుకే అంటాడు. మీకు ఈ ముదురు రుచి ఇష్టమై, ఇలాంటిది విడిగా ఒకటి అమ్మే షాపు దగ్గరలో ఉంటే తీసుకోండి, పెట్టె మాత్రం వద్దు. కొనేముందు పొడుగునా వేళ్లతో మెల్లగా నొక్కుతూ చూడండి, ఎక్కడైనా గట్టి ముడి తగిలితే పక్కన పెట్టేయండి. కట్ చేశాక అంటించకముందే ఒకసారి ఉత్తగా లాగి చూడండి. ఆ గాలి సులువుగా రాకపోతే పొగ కూడా రాదు.

నా డబ్బాలో ఇంకా కొన్ని మిగిలాయి. పారెయ్యడానికి మనసొప్పట్లేదు. వాటికి ఇక బీరు పెట్టను, పాలు లేని కోరాపుట్ కాఫీ పెడతాను. లాగుడు కాస్త బాగున్నవాటికి అదే కుదిరింది, వేడికి ఆ తీపి మళ్లీ తెలిసింది. మొన్న డబ్బా మూత తీసి ఒక్కోటీ నొక్కి చూశాను, రెండింటికి ముడి తగిలింది.